పేషెంటు తాలూకు ఎవరండీ?

రొమ్ము స్కాన్ చేయించుకున్న మనిషికి ఫలితం చెప్పేవాళ్ళం కాదు. బయట బెంచీ మీద కూర్చున్న మగవాడికి చెప్పేవాళ్ళం.

ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. అమలాపురంలో నేను పనిచేసిన స్కానింగ్ సెంటర్లో, నేను చేరిన నాటికే ఇది పద్ధతి. జెల్లు పూయించుకుని, చెయ్యి తలమీదికి ఎత్తి, గోడవైపు చూస్తూ పడుకునేది ఒకరు. కవరు అందుకునేది ఇంకొకరు. మేం గుమ్మంలో నిలబడి "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే భర్తో, అన్నో, మరిదో బెంచీ మీంచి లేచేవాడు. ఆయన్ని లోపలికి పిలిచి డాక్టరు గారు గొంతు తగ్గించి రెండు ముక్కలు చెప్పేవారు. ఆ పక్కనే తెర వెనక ఆవిడ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ ఉండేది. ఆవిడకి చెవులు లేవనుకునేవాళ్ళమో, బుర్ర లేదనుకునేవాళ్ళమో!

కాలు విరిగినవాడికి ఎక్స్‌రే చూపించి "ఇదిగో, ఇక్కడ" అని వాడికే చెప్తారు. కిడ్నీలో రాయి ఉన్నవాడికి ఆ రాయి ఎంతుందో వాడికే చెప్తారు. వాడు ఊరంతా తిరిగి ఆ రాయి గొప్పలు చెప్పుకుంటాడు. రొమ్ములో గడ్డ మాత్రం ఇంటి మగవాళ్ళ ఉమ్మడి ఆస్తి ఎప్పుడయ్యిందో నాకింతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మిషను గురించి మీకు కాలేజీలో చెప్తారు. గుమ్మం గురించి చెప్పరు.

నా కుర్చీ ఉన్న చోటు

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. రిపోర్టులు టైపు చేసేవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేసి, కొత్తపేటలో టైపు నేర్చుకుని ఈ పనిలో పడ్డాను. స్కాన్ గదికీ నా బల్లకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క. డాక్టరు గారు లోపల చూస్తూ చూస్తూ ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పేవారు, చెక్క ఇవతల నేను కొట్టేవాణ్ణి. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. డాక్టరు గారు పక్కన పడేసిన పాత పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి, డిక్షనరీ దగ్గర పెట్టుకుని, మాటకి మాట కూడబలుక్కుని చదివాను. చదవగా చదవగా ఒకటి తెలిసింది. పడుకున్న మనిషి తన గురించి చెప్తున్న ప్రతి మాటా వింటోంది, కాని ఒక్కటీ ఆమెకి తెలిసిన భాషలో లేదు. ఆ గదిలో జరుగుతున్నదేమిటో తెలియని మనిషి ఆమె ఒక్కతే.

మా డాక్టరు గారి గురించి న్యాయంగా చెప్పాలి. చెయ్యి మంచిది. తొందరపడే మనిషి కాదు. బయట ఎంతమంది ఉన్నా చంక కూడా చూడకుండా ఏ మనిషినీ పంపలేదు. ఆయనకున్న లోటల్లా ఒక్కటే. ఆడవాళ్ళు ఏడిస్తే ఆయనకి భయం. ఎంత భయమంటే, దానికి పద్ధతి అని పేరు పెట్టుకుని సెంటరంతా నడిపించారు.

లోపల ఏం జరుగుతుంది

నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగేవారు ఆడవాళ్ళు. "బాబాయి గారూ, నొప్పి పెడద్దాండీ?" అని. నేను మగవాణ్ణి, ఆ గదిలోకి స్కాన్ జరిగేటప్పుడు వెళ్ళేవాణ్ణి కాదు. అయినా లోపల ఉండే ఆయా నాగరత్నం దగ్గర అడిగి, పుస్తకాలు చూసి, తెలిసినంత చెప్పేవాణ్ణి. మీరూ చెప్పండి. తెలిస్తే సగం భయం గుమ్మం బయటే ఆగిపోతుంది.

నొప్పి పెట్టదు. గడ్డ ఉన్నచోట గట్టిగా నొక్కితే కొంచెం నొప్పిగా ఉండొచ్చు, అంతే. పొడుగు గౌనో నైటీయో కాకుండా చీరా జాకెట్టో, రెండు ముక్కల బట్టలో వేసుకుని వస్తే సగమే తీస్తే సరిపోతుంది. ఆ రోజు పౌడరు, సెంటు పూసుకోకపోతే మంచిది. ఉపవాసం అక్కర్లేదు, నీళ్ళు తాగి ఆపుకోనక్కర్లేదు. అది కడుపు స్కాన్ సంగతి. చూసే డాక్టరు మగవారైతే పక్కన ఆడమనిషి ఉండాలని అడగవచ్చు. అడగడం తప్పు కాదు, ఉంచకపోవడం తప్పు.

పడుకోబెట్టి, భుజం కింద చిన్న దిండు పెట్టి, చెయ్యి తలమీదికి ఎత్తమంటారు. జెల్లు చల్లగా తగులుతుంది. ధనుర్మాసంలో అయితే నాగరత్నం ఆ సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఉంచేది. సబ్బుబిళ్ళంత పరికరం ఒకటి ఒంటిమీద ఆనించి గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతారు. రెండువైపులా చూస్తారు, చంకలూ చూస్తారు. కడుపులో బిడ్డని చూసేదీ ఇలాంటి మిషనే. అందులోంచి ఎక్స్‌రే కిరణాలు రావు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ భయపడనక్కర్లేదు.

మధ్యలో డాక్టరు మాట్లాడకుండా ఆగిపోతారు. బొమ్మ నిలబెట్టి కొలుస్తుంటారు. ఆ మౌనానికే చాలామంది గుండె జారిపోతుంది. ఊరికే మామూలు నీటి సంచిని కొలిచేటప్పుడూ అంతే మౌనంగా ఉంటారని ముందే చెప్పి పంపండి. గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. లోపల ఉన్నది నీరా, గట్టి పదార్థమా, అంచు నున్నగా ఉందా, గరుకుగా ఉందా, ఇవి స్కాన్ చూపిస్తుంది. క్యాన్సరు అవునని గాని కాదని గాని ముద్ర వెయ్యదు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. వయసుని బట్టి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, కూడా తీయించమంటారు. అది తీస్తే ఇది అక్కర్లేదనీ, ఇది తీస్తే అది అక్కర్లేదనీ లేదు.

ఇక్కడిదాకా ఏ పుస్తకమైనా చెప్తుంది. నేను చెప్పాలనుకున్నది శాంతకుమారి సంగతి.

పాలగడ్డ

శాంతకుమారి రాజోలు వైపు మనిషి. అంతకుముందు మస్కట్‌లో ఇళ్ళలో పని చేసి వచ్చింది. ఈసారి కువైట్ వీసా వచ్చింది. వీసా కోసం చేసే వైద్యపరీక్షలన్నీ దాటింది. ఆ పరీక్షల్లో రొమ్ములో గడ్డ ఉందా అని అడిగినవారు లేరు. స్నానం చేస్తుంటే తన చేతికే తగిలింది. "వెళ్ళేలోగా చూపించుకుంటాను" అని పట్టుబట్టి వచ్చింది. తోడు వచ్చింది ఆమె అక్క భర్త. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వీసా మాట్లాడి తెప్పించింది ఆయనే.

చెక్క ఇవతల నేను టైపు చేస్తున్నాను. అంచులు గరుకు. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. ఆ మాటలు రాగానే లోపల ఉన్నది మంచి గడ్డ కాదని నాకు తెలుసు. స్కాన్ అయ్యాక మామూలుగానే కేక వెళ్ళింది. తాలూకు ఎవరండీ? బావగారు లేచి లోపలికి వెళ్ళాడు. చెక్కలోంచి వినిపిస్తూనే ఉంది.

"సూది పరీక్ష చేయించాలండి. కాకినాడ తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి."

"ఆవిడకి చెప్పేరాండీ?"

"లేదు. మీరే నెమ్మదిగా చెప్పుకోండి."

"ఆయ్."

మా కోనసీమలో ఆయ్ అంటే సరేనని అర్థం. ఏది సరేనో అన్నవాడికే తెలుస్తుంది.

శాంతకుమారి కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి, "ఏమన్నారు బావగారూ?" అంది.

"పాలగడ్డంట. ఏం లేదు. పద పద, బస్సు వెళ్ళిపోద్ది."

వాళ్ళు మెట్లు దిగాక నేను లేచి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆయన పాలగడ్డని చెప్పేడండి ఆవిడతో."

"ఇంటికెళ్ళేక చెప్తాడులెండి."

"వచ్చే వారం ఆవిడ విమానం ఎక్కుతుందండి. మళ్ళీ రెండేళ్ళకి గాని రాదు."

"సూర్యారావు గారూ, చూడ్డం, రాయడం మన పని. చెప్పుకోవడం వాళ్ళింటి పని. ఇక్కడే చెప్తే ఏడుస్తారు. ఆవిడ ఏడుస్తా కూర్చుంటే తర్వాతావిణ్ణి ఎక్కడ పడుకోబెట్టమంటారు?"

"ఏడవడానికైనా ముందు తెలియాలి కదండీ."

"మీరెళ్ళి టైపు చేసుకోండి."

ఇంటికి వెళ్ళి మా ఆవిడ సుందరమ్మకి పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. ఆవిడ పెసలు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "ఆవిడ ఒళ్ళు చూసి ఆయనకి చెప్పడమేంటండీ? రేపు నాకొచ్చినా అంతేనా?"

"ఛ, నీకెందుకు చెప్పరు?"

"ఎందుకు చెప్తారు? గుమ్మంలో నిలబడి కేకేసేది మీరేగా. మీకే చెప్తారు."

ఎర్ర స్టూలు

రెండు రోజులు పోయాక, ఇంకా తలుపులు తీస్తుండగానే శాంతకుమారి ఒక్కతే వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయి గారూ, నా రిపోర్టులో ఏముందో చెప్తారాండీ?"

"మీ బావగారికి ఇచ్చేం కదమ్మా."

"అందుకే వచ్చేనండి."

"ఏం, ఆయన చెప్పలేదా?"

"చెప్పేరండి, పాలగడ్డని. కుడివైపు ఇలా చూసి అలా వదిలేసేరు మీ డాక్టరు గారు. ఎడమవైపు ఒక్కచోటే తిప్పి తిప్పి, ఎక్కడికెళ్ళినా మళ్ళీ అక్కడికే వచ్చేరు. చంకలో కూడా నొక్కి నొక్కి చూసేరు. నాగరత్నం గారు అప్పటిదాకా కబుర్లు చెప్తా ఉన్నారా, టక్కున నోరు మూసేసుకున్నారు. పాలగడ్డకి అంత మర్యాద ఎందుకండీ? మా చిన్నోడు పాలు మానేసి పదేళ్ళయ్యింది."

ఇంగ్లీషు రానంత మాత్రాన ఒంటిమీద నడిచిన చెయ్యి భాష తెలియదా! ఆవిడ స్కాన్ ఆవిడ చదివేసుకుంది. కావలసిందల్లా అవునని ఒకరు చెప్పడం.

నేను చెప్పలేదు. ఇక్కడ కొత్త పిల్లలు జాగ్రత్తగా వినాలి. నాకు తెలిసింది మాటలు, రోగం కాదు. సగం తెలిసినవాడు నోరు విప్పితే దాచినవాడి కంటే ఎక్కువ హాని చేస్తాడు. "చెప్పాల్సిన మనిషి దగ్గరికి తీసుకెళ్తాను, రా అమ్మా" అన్నాను. వరండాలో ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉంటే అది పట్టుకుని స్కాన్ గదిలోకి వెళ్ళాను. మొదటి పేషెంటు ఇంకా లోపలికి రాలేదు.

"అదేంటి?" అన్నారు డాక్టరు గారు.

"ఈవిడ కూర్చోడానికండి."

ఆయన ఆవిణ్ణి చూశారు. గుర్తుపట్టారు. గుమ్మం వైపు చూసి, అలవాటు కొద్దీ, "తాలూకు ఎవరొచ్చేరమ్మా?" అన్నారు.

"ఎవరూ రాలేదండి. నేనే వచ్చేను. నాకే చెప్పండి."

నేను బయటికి రాబోతే ఆవిడ ఉండమంది. నాగరత్నం కూడా తెర దగ్గరే నిలబడిపోయింది. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ బొమ్మ మిషను తెరమీదికి తెచ్చారు.

"ఇదమ్మా. ఇది పాలగడ్డ కాదు."

"క్యాన్సరాండీ?"

"స్కాన్ చూసి అవునని చెప్పకూడదు. సూదితో ముక్క తీసి చూస్తే గాని తేలదు."

"కాదని చెప్పగలరాండీ?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"రెండేళ్ళు పని చేసుకుని వచ్చి చూపించుకుంటేనండీ?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "వెళ్ళకమ్మా," అన్నారు. అన్నేళ్ళలో డాక్టరు గారు ఒక పేషెంటుతో బతిమాలినట్టు మాట్లాడడం అదే వినడం.

"ఆయ్," అంది శాంతకుమారి.

ఈ ఆయ్ ఏది సరేనో గదిలో ఉన్న అందరికీ తెలిసింది.

అప్పుడు ఏడ్చింది. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళమీదికి వంగి, బాగా ఏడ్చింది. నాగరత్నం వీపు రాస్తూ జెల్లు తుడిచే తువ్వాలు ఇచ్చింది. తర్వాతి పేషెంటు బయట ఆగింది. ఆగితే సెంటరు కూలిపోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, కాకినాడలో ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో, పరీక్షకి ఎన్నాళ్ళు పడుతుందో వరసగా అడిగింది. లేచేటప్పుడు అంది: "మా బావగారికి నేను చెప్తానండి. మీరు చెప్పకండి."

బండి తిప్పిన మనిషి

మర్నాడు బావగారు మోటార్ సైకిలు మీద వచ్చాడు. వరండాలో నలుగురూ చూస్తుండగా నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏవండీ పెద్దమనిషీ, టైపు కొట్టుకోక మా ఇంటి సంగతులు మీకెందుకండీ?"

"మీ ఇంటి సంగతి కాదండి, ఆవిడ ఒంటి సంగతి."

"భయపడిపోద్దని దాచేను. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే దాని పిల్లాడి చదువు ఒడ్డున పడేది. నేనేం పరాయోణ్ణా? చెడు కోరతానా?"

"కోరరండి. కాని మీ వీసా సంగతి ఆ గడ్డకి తెలీదు. అది రెండేళ్ళు ఆగదు."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఈలోగా శాంతకుమారి మెట్లెక్కి వచ్చింది. ఆయన వెనకే ఆటోలో వచ్చిందట, ఈయన ఇక్కడికి వచ్చి గొడవ పెట్టుకుంటాడని తెలిసి.

"బావగారూ, ఇక్కడ మీకేం పనండీ? బండి తిప్పండి. కాకినాడ వెళ్ళాలి."

"బండి మీదా? కాకినాడా?"

"బస్టాండు దాకా తిప్పండి ముందు."

ఆయన బండి తిప్పాడు. నిజం చెప్పాలి, తర్వాత ప్రతి సారీ ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్ళిందీ, ఆస్పత్రి వరండాల్లో పడుకున్నదీ ఆయనే. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో పోట్లాట తేలిక. ప్రేమకొద్దీ నోరు నొక్కేవాళ్ళతోనే కష్టం.

అది క్యాన్సరే. చంకలోకి పాకకముందే దొరికింది. ఆపరేషన్ అయ్యింది, మందులు ఎక్కించారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఈసారి ఉంగరాల జుట్టు వచ్చిందని నవ్వుతుంది. కువైట్ వెళ్ళలేదు. వాళ్ళ ఊరి బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతోంది. ఏటా పరీక్షకి వస్తుంది. ఒక్కతే వస్తుంది.

పద్ధతి అంత తేలిగ్గా మారదు

ఇంత జరిగాక డాక్టరు గారు మారిపోయి ఉంటారనుకుంటారు మీరు. వారం తిరక్కుండానే, "తాలూకుని పిలవండి" అన్నారు. శాంతకుమారి సంగతి ఎత్తితే, "ఆవిడ గట్టి మనిషండి, అందరూ అలా ఉండరు," అన్నారు. గట్టి మనిషో కాదో చెప్పకుండా ఎలా తెలుస్తుంది?

నేను కేకెయ్యడం మానేశాను. పేరు రాయించుకునేటప్పుడే ప్రతి ఆడమనిషినీ నెమ్మదిగా అడగడం మొదలుపెట్టాను. "ఫలితం చెప్పేటప్పుడు మీ పక్కన ఎవరుండాలమ్మా?" కొందరు భర్త ఉండాలన్నారు. కొందరు అమ్మ అన్నారు. ఒకావిడ వాళ్ళ పాస్టరమ్మ గారు ఉండాలంది. పలివెల నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, "వినడం నావల్ల కాదు నాయనా, మావాడికే చెప్పండి" అంది. అలాగే చెప్పించాం. అదీ ఆవిడ హక్కే. తెలుసుకోమని ఎవరినీ బలవంతం చెయ్యనక్కర్లేదు. అడగాలి, అంతే.

ఇక ఆ స్టూలు. పొద్దున్న నేను లోపల పెట్టేవాణ్ణి. అడ్డంగా ఉందని డాక్టరు గారు బయట పెట్టించేవారు. మధ్యాహ్నం నేను మళ్ళీ పెట్టేవాణ్ణి. నాగరత్నం నవ్వేది. "ఇద్దరూ కలిసి దాని కాళ్ళు అరగదీసేస్తన్నారండి." నేను పని మానేదాకా ఈ యుద్ధం ఇలాగే సాగింది. నాకు శాలువా కప్పిన రోజున డాక్టరు గారు, "ఏం కావాలో అడగండి సూర్యారావు గారూ" అన్నారు. "ఆ స్టూలు బయటికి తియ్యకండి, గుమ్మంలో తాలూకు ఎవరని కేకేయించకండి" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మీరు చేరబోయే చోట కూడా ఒక డాక్టరు గారు ఉంటారు, ఒక పద్ధతి ఉంటుంది. డాక్టర్ని ఎదిరించి పేషెంటుకి మీరే చెప్పెయ్యకండి. అది మీ పని కాదు. కాని ఆ మనిషికి కూర్చోడానికి చోటు చూపించడం మీ పని. తలుపు వెయ్యడం మీ పని. స్టూలు తియ్యమంటే తీసి, మళ్ళీ పెట్టండి. విసుగు ముందు ఎవరికి వస్తుందన్నదే లెక్క.

నేను బెంచీ మీద కూర్చున్న రోజు

ఈ మధ్య సుందరమ్మకే గడ్డ తగిలింది. ఇంకెక్కడికి వెళ్తాం, అక్కడికే తీసుకెళ్ళాను. నా బల్ల దగ్గర ఇప్పుడు ఒక అమ్మాయి ఉంది. నన్ను ఎరగదు. నా వైపు చూడనైనా చూడకుండా మా ఆవిణ్ణి అడిగింది.

"లోపల మీ పక్కన ఎవరుండాలమ్మా?"

సుందరమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఎవరూ అక్కర్లేదమ్మా," అంది.

నేను మొదలుపెట్టిన ప్రశ్న నాకే తగిలింది. బెంచీ ఎంత గట్టిగా ఉంటుందో అంతవరకు నాకు తెలియదు. చెక్క అవతల ఏం మాట్లాడుతున్నారో వినాలని చెవి సాచాను. ఆ చెక్క తీసేసి గోడ కట్టారు. లోపల ఎంతసేపు ఉంచారో! తలుపు తెరుచుకోగానే, పాత రోజుల్లో బెంచీ మీంచి లేచే మగవాళ్ళలాగే నేనూ లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. డాక్టరు గారు నన్ను చూసి, "కూర్చోండి సూర్యారావు గారూ, తొందరేముంది" అన్నారు. ఆయన వెనక, మంచం పక్కన, ఎర్ర స్టూలు ఉంది.

సుందరమ్మ కవరు చేతిసంచిలో పెట్టుకుంటూ బయటికి వచ్చింది. అది నీటి సంచేనని, భయం లేదని తర్వాత నాకు తెలిసింది. ఆ క్షణాన తెలియదు. గుమ్మంలోనే అడ్డంపడి "ఏమన్నారు?" అని అడిగాను. కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుని, అప్పుడు చెప్పింది.

"నాకు చెప్పేరండి. మీకు చెప్పాలో లేదో టీ తాగేక ఆలోచిస్తాను."